అమ్మలూ, మ్యాప్‌లో గీత ఎక్కడ్నుంచి వచ్చిందో ముందు అడుగు

అమ్మలూ,

బెంగళూరు మాస్టర్ ప్లాన్ జీఐఎస్ పని, అదే కంప్యూటర్లో మ్యాప్‌లు తయారుచేసే పని, నీకే అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషమేసింది. ఎక్కడ మొదలుపెట్టాలి మామయ్యా అని అడిగావు కదా, ఫోన్లో చెప్తే సగం గాల్లో పోతుంది, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, కాస్త పొడుగైనా మొత్తం చదువు.

సాఫ్ట్‌వేర్ దగ్గర ఎక్కువ రోజులు ఆగొద్దు. మ్యాప్ గీసే క్యూజీఐఎస్, ఆ డేటా దాచే పోస్ట్‌జీఐఎస్ రెండూ ఫ్రీనే, బెంగళూరంత ఊరికి నిక్షేపంలా సరిపోతాయి, లైసెన్సుల డబ్బు మిగిలితే దాంతో ఫీల్డ్ సర్వేకి మనుషుల్ని పెట్టించుకో. అసలు పనంతా గీతల్లో ఉంది. ఏ లేయర్ (కాలువలు, రోడ్లు, వార్డులు ఇలా ఒక్కోదానికి పెట్టే మ్యాప్ పొర) అయినా సరే, ప్రతి గీతకీ ఎవరు గీశారు, ఏ ఏడాది, ఏ స్కేల్ మ్యాప్ మీంచి తీశారు, ఈ మూడూ అదే టేబుల్లో కాలమ్స్‌గా ఉండాల్సిందే. వేరే డాక్యుమెంట్‌లో రాసిపెడతాం మేడమ్ అంటారు, ఒప్పుకోకు, ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఫైల్ ఎవరికీ దొరకదు.

ఇంత పట్టుబట్టి చెప్తున్నది ఎందుకో రాజకాలువలు, అదే ఊరి వాన నీళ్లు పోయే కాలువలు, చూస్తే నీకే అర్థమవుతుంది. 2015 నాటికని వేసి 2007లో ఆమోదించిన మాస్టర్ ప్లాన్ ప్రకారం చెరువుకి 30 మీటర్లు, ప్రైమరీ కాలువకి 50, సెకండరీకి 25, టెర్షియరీకి 15 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు రాకూడని జాగా, కాలువలకైతే మధ్య గీత నుంచి కొలవాలి. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) వచ్చి చెరువుకి 75, కాలువలకి 50, 35, 25 అంది, అదీ అంచు నుంచి కొలవమంది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే మూడేళ్లలో రూల్ రెండుసార్లు మారింది, అంకె ఒక్కటే కాదు కొలిచే చోటు కూడా మారింది. బఫర్‌ని పాలిగాన్‌గా, అంటే మూసిన ఆకారంగా, గీసి దాచుకున్నవాళ్లు మొత్తం మళ్లీ గీసుకోవాలి. నువ్వు అలా చెయ్యకు, కాలువ మధ్య గీత వేరే, రెండు అంచులూ వేరే పెట్టు, రూల్‌ని తేదీతో సహా వేరే టేబుల్లో పెట్టు, బఫర్ ఎప్పటికప్పుడు లెక్కకట్టి చూపించు.

ఇంకోటి, ఆ మధ్య గీత చాలాచోట్ల పాత గ్రామ పటం మీంచి వస్తుంది. అవి చాలావరకు 1:7920 స్కేల్, అంటే మైలుకి ఎనిమిది అంగుళాలు. అర మిల్లీమీటర్ పెన్ను గీత నేల మీద దాదాపు 4 మీటర్లు. 15 మీటర్ల బఫర్‌లో 4 మీటర్లు తేడా అంటే ఒకరి వంటగది లోపలా బయటా అన్నంత సంగతి, అప్పు చేసి కట్టుకున్న ఇల్లమ్మా అది. అందుకే స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ రెండే రంగులు పెట్టొద్దు, మధ్యలో ఇంకో రంగు పెట్టి "సర్వే చేసి తేల్చాలి" అని రాయించు. ఆఫీసర్లకి నచ్చదు, తేల్చి చెప్పు అంటారు. నువ్వు దిగొద్దు.

కొలతలన్నీ మీటర్లలోనే చెయ్యి, భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో జోన్ 43 నార్త్. డిగ్రీల్లో ఉన్న లేయర్‌కి 30 అని బఫర్ కొడితే 30 డిగ్రీలు అవుతుంది, లేదా ఎవరో దశాంశాలతో సర్దేస్తారు, ఇంకా ప్రమాదం. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటితే జోన్ 44, కోలారు డేటా కలిపినప్పుడు చూసుకో.

వార్డుల విషయానికొస్తే, మొన్నటిదాకా 198 ఉండేవి, 2023లో 225 అన్నారు, 2025లో ఊరినే ఐదు కార్పొరేషన్లు చేశారు. కాబట్టి ప్రతి హద్దుకీ ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని రెండు తేదీలు ఉండాలి. చెత్త ఫిర్యాదైనా, గుంతైనా, వీధి దీపమైనా వార్డు నంబర్‌తో కాకుండా పాయింట్‌గా దాచు, రేపు హద్దులు మారినా ఆ పాయింట్ అక్కడే ఉంటుంది కదా, ఏ వార్డు కావాలంటే ఆ వార్డులో లెక్కేసుకోవచ్చు.

పేర్లు కన్నడ యూనికోడ్‌లోనే పెట్టు, ఇంగ్లీష్ స్పెల్లింగులు పక్కన ఎన్నుంటే అన్ని. పాత ఫైళ్లు యూనికోడ్ కాని నుడి అనే కన్నడ ఫాంట్‌లో ఉంటాయి, మార్చకపోతే సెర్చ్‌కి తగలవు.

ఇక వాన నీళ్లు. ఫ్రీగా దొరికే 30 మీటర్ల డీఈఎం (నేల ఎత్తుల మ్యాప్, ఒక్కో పిక్సెల్ 30 మీటర్లు) పట్టుకుని వరద మ్యాప్ చేస్తాం అంటే ఆపు. ఆరు మీటర్ల కాలువ ఒక్క పిక్సెల్లో కలిసి మాయమైపోతుంది, ఫ్లైఓవర్లూ అపార్ట్‌మెంట్లూ గుట్టల్లా కనపడతాయి, నీళ్లు ఎటో పోతున్నట్టు చూపిస్తుంది. ఊరంతా లైడార్‌కి, అంటే లేజర్‌తో నేల ఎత్తు కొలిచే సర్వేకి, డబ్బుల్లేకపోతే వృషభావతి, కోరమంగళ-చల్లఘట్ట, హెబ్బాళ, ఈ మూడు లోయల అడుగున ముందు చేయించు, 2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు వైపు మునిగింది అందులోనే. మాయమైన చెరువులకి కూడా ఒక లేయర్ పెట్టు. మెజెస్టిక్ బస్టాండ్ ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు, ఇప్పటి మ్యాప్‌లో చెరువు లేదు గానీ పల్లం పల్లమే.

త్రీడీ, డ్యాష్‌బోర్డులు తర్వాత చూసుకోవచ్చు. వార్డ్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీర్ ఆస్తి నంబరో సర్వే నంబరో కొడితే దాని చుట్టూ కాలువా, పైపూ, రోడ్డు వెడల్పూ ఫోన్లో రావాలి, తప్పుంటే అక్కడ్నుంచే ఫోటోతో చెప్పగలగాలి. వాళ్లు చెప్పింది నేరుగా లేయర్‌లో కలపకు, వేరే పెట్టి ఒకరు చూసి ఒప్పుకున్నాకే కలుపు. మొదటి వారం డిజైన్ ఏదీ గీయకుండా ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్ ఇంజనీర్ల వెనకాల తిరుగు, వాన పడిన మర్నాడైతే మరీ మంచిది, వాళ్ల బీరువాలో మడత పెట్టిన కాగితం మ్యాప్‌లు ఉంటాయి, వాటి మీద పెన్నుతో దిద్దినవి అడిగి స్కాన్ చేయించుకో.

లేయర్ల లిస్ట్ తయారయ్యాక నాకు పంపు, ఆ మూడు కాలమ్స్ ఖాళీగా ఉన్నవి ఏవో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మామయ్య