జ్వరం సంగతి చివర్లోనా రాసేది?

ప్రశ్న: నా వయసు 41. తిరుపతిలో టీచర్‌ని. వసంతం మొదలైనప్పటి నుంచి ఆదివారాలు మా అబ్బాయితో మామండూరు అడవి వైపు పక్షులు చూడటానికి వెళ్తున్నా. వచ్చాక తుమ్ములు, ముక్కు కారడం. పుప్పొడి అలర్జీయేనా? రోజూ సెట్రిజిన్ వేసుకోవచ్చా? ఆరు రోజులుగా జ్వరం కూడా ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన సెఫిక్సిమ్ మూడు రోజులు వాడాను. నడుం దగ్గర ఏదో కుట్టి నల్లగా పక్కు కట్టింది, నొప్పి లేదు. వచ్చే ఆదివారం తలకోన వెళ్లొచ్చా?
- ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: తుమ్ముల సంగతి తర్వాత. ఆరు రోజుల జ్వరం, నల్ల పక్కు, అడవిలో తిరగడం - మూడూ కలిపి చూస్తే నాకు ముందు స్క్రబ్ టైఫస్ అనుమానం వస్తుంది. మిమ్మల్ని చూడకుండా అదేనని చెప్పలేను. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా కావచ్చు. ఈ రోజే జనరల్ ఫిజీషియన్‌ని కలవండి, రుయా ఆసుపత్రికి వెళ్లినా సరే.

గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. అది కంటికి ఆనదు, కుట్టినా తెలీదు. సాధారణంగా 6 నుంచి 21 రోజుల్లో జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ పడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. బెల్టు కింద, చంకల్లో, గజ్జల్లో ఎక్కువ. డాక్టర్‌కి చూపించడానికి మొహమాటపడకండి. మచ్చ లేనివాళ్లూ ఉంటారు. వానాకాలం, చలికాలంలో కేసులు ఎక్కువే కానీ, మిగతా నెలల్లో రాదని కాదు.

ఇక సెఫిక్సిమ్. టీచర్ అయ్యుండి మీరూ ఇంతేనా? ఆ రకం యాంటీబయాటిక్స్ స్క్రబ్ టైఫస్ తెచ్చే క్రిమి మీద పనిచేయవు. మూడు రోజులు వృథా. సాధారణంగా డాక్సీసైక్లిన్ ఇస్తాం, వేళకి మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఇది చదివి మళ్లీ అదే షాపుకెళ్లి డాక్సీ అడగకండి, దయచేసి! ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. రెండో వారంలో ఆయాసంతో వచ్చేవాళ్ల చేతిలో క్యారీ బ్యాగు నిండా సగం వాడిన మాత్రలుంటాయి. ఏది ఎందుకిచ్చారో వాళ్లకీ తెలీదు.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, లివర్, స్క్రబ్ ఐజీఎం (ఈ జబ్బు మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు) చూస్తారు. మొదటి వారంలో ఐజీఎం నెగటివ్ రావచ్చు. అందుకే అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండానే మందు మొదలుపెడతాం. డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప నొప్పి మాత్రలు ముట్టుకోకండి. ఆయాసం, మగత, మూత్రం తగ్గడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే.

తుమ్ములు అలర్జీయే కావచ్చు. వయ్యారిభామ, సర్కారు తుమ్మ పుప్పొడి చాలామందికి పడదు. జ్వరం తగ్గాక చూపించుకోండి. సెట్రిజిన్‌తో మత్తు వస్తుంది, బండి నడిపేటప్పుడు జాగ్రత్త.

తలకోన ఈసారికి మానుకోండి. కోలుకున్నాక శుభ్రంగా వెళ్లండి, అడవికి నేను అడ్డు కాదు. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, పురుగుల్ని దగ్గరికి రానివ్వని డీట్ అనే మందు ఉన్న క్రీమ్ రాసుకోండి, ఫొటో కోసం గడ్డిలో బోర్లా పడుకోకండి. ఇంటికి రాగానే ఒళ్లు రుద్ది స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో వేయండి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు గానీ, అబ్బాయి కూడా మీతో తిరిగాడు. వచ్చే మూడు వారాల్లో వాడికి జ్వరమొస్తే మీ మందు పంచకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి. మీరు వాడిన మాత్రల స్ట్రిప్పులు మాత్రం పారేయకుండా వెంట తీసుకెళ్లండి.