ఈసీఈ ఐదో సెమిస్టర్‌లో ఎలెక్టివ్ ఎంచుకోవడానికి దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?

మీరు అడిగినది ఇది: అటానమస్ (సిలబస్‌ను తానే నిర్ణయించుకునే) కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) రెండో సంవత్సరం పూర్తయింది, త్వరలో ఐదో సెమిస్టర్ రిజిస్ట్రేషన్. చిప్ డిజైన్ వైపు వెళ్లాలని మీకు ఉంది. సీనియర్లేమో మార్కులు సులువుగా పడే ఎలెక్టివ్ (జాబితాలోంచి మనమే ఎంచుకునే సబ్జెక్టు) తీసుకోమంటున్నారు. ఇంట్లో వాళ్లు కంప్యూటర్ సైన్స్ మైనర్ (డిగ్రీతో పాటు మరో విభాగం సబ్జెక్టులు అదనంగా చదవడం) చేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇలాంటి కాలేజీలోనే ఈసీఈ విభాగంలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, మెంటార్‌గానూ ఉన్నాను. నా సలహా ముందే చెబుతాను. వెరిలాగ్‌తో (సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే భాషతో) డిజిటల్ డిజైన్ వంటి సబ్జెక్టు జాబితాలో ఉంటే అదే తీసుకోండి. అది లేకపోతే కంప్యూటర్ ఆర్కిటెక్చర్ తీసుకోండి. మైనర్ వద్దు.

ఇక కారణాలు. బీటెక్ మొత్తం దాదాపు 160 క్రెడిట్లు. అందులో చాలా భాగం యూనివర్సిటీయో కాలేజీయో ముందే నిర్ణయించేస్తుంది. మీ ఇష్టానికి వదిలేది అయిదారు ప్రొఫెషనల్ ఎలెక్టివ్‌లు (సొంత విభాగానివి), రెండు మూడు ఓపెన్ ఎలెక్టివ్‌లు (ఇతర విభాగాలవి). ఇవి నాలుగో సంవత్సరం దాకా పరుచుకుని ఉంటాయి కాబట్టి తర్వాత చూసుకోవచ్చులే అనిపిస్తుంది. అయితే క్యాంపస్ ప్లేస్‌మెంట్లు చాలా చోట్ల ఏడో సెమిస్టర్ మొదట్లోనే మొదలవుతాయి. ఇంటర్వ్యూలో కూర్చునేనాటికి మీరు చదివి ఉండేది ఆరో సెమిస్టర్ వరకే. ఏడు, ఎనిమిది సెమిస్టర్లలో ఎంత మంచి ఎలెక్టివ్ తీసుకున్నా అది ఆ ఇంటర్వ్యూకు అక్కరకు రాదు. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతి విద్యార్థికీ ఐదు, ఆరు సెమిస్టర్ల ఎలెక్టివ్‌లనే అన్నిటికన్నా జాగ్రత్తగా ఎంచుకోమని చెప్పేవాడిని.

మార్కుల సంగతి లెక్క వేసి చూద్దాం. ఎలెక్టివ్‌కు సాధారణంగా 3 క్రెడిట్లు. కష్టమైన సబ్జెక్టు తీసుకున్నందుకు మీకు 10 గ్రేడ్ పాయింట్లకు బదులు 8 వచ్చాయనుకోండి. మూడో సంవత్సరం ముగిసేసరికి మీ ఖాతాలో 120 క్రెడిట్లు ఉంటే, పోయినవి 6 పాయింట్లు. 6ను 120తో భాగిస్తే 0.05. మీ సీజీపీఏ 7.80 ఉండాల్సింది 7.75 అవుతుంది, అంతే. కంపెనీలు పెట్టే కటాఫ్‌కు మీరు మరీ అంచున ఉంటే తప్ప దీని ప్రభావం ఏమీ ఉండదు. బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) మాత్రం వేరే విషయం. చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను రాతపరీక్షకే రానివ్వవు. సిగ్నల్స్‌లోనో మ్యాథ్స్‌లోనో ఏదైనా మిగిలి ఉంటే మిగతా ఆలోచనలన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని పూర్తి చేయండి.

చిప్ కంపెనీలు ఏమి అడుగుతాయో ఒక ఉదాహరణ చెబుతాను. ఏఎండీ, క్వాల్‌కామ్, మైక్రాన్, సినాప్సిస్ వంటి కంపెనీలకు హైదరాబాద్‌లోనే పెద్ద కార్యాలయాలు ఉన్నాయి. ఈ రంగంలో ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చిన నా విద్యార్థిని ఒకామె తనను అడిగిన ప్రశ్నను బోర్డు మీద వేసి చూపించింది. రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు (క్లాక్ కొట్టినప్పుడు ఒక బిట్‌ను పట్టి ఉంచే చిన్న సర్క్యూట్లు), వాటి మధ్య కొంత లాజిక్. మొదటి ఫ్లిప్‌ఫ్లాప్‌లో క్లాక్ నుంచి ఔట్‌పుట్‌కు 1 నానోసెకండ్, లాజిక్‌కు 6, రెండో దాని సెటప్ టైమ్ (క్లాక్ కొట్టే ముందు డేటా మారకుండా ఉండాల్సిన సమయం) 1. ఈ సర్క్యూట్‌ను గరిష్ఠంగా ఎంత వేగంతో నడపవచ్చు? కూడితే 8 నానోసెకండ్లు, అంటే 125 మెగాహెర్ట్జ్. ఇక్కడి దాకా అందరూ వస్తారు. ఆ తర్వాత ఇంకొకటి అడిగారట: హోల్డ్ టైమ్ (క్లాక్ కొట్టాక డేటా మారకుండా ఉండాల్సిన సమయం) ఉల్లంఘన ఉంటే క్లాక్ వేగం తగ్గిస్తే సరిపోతుందా? సరిపోదు, ఎందుకంటే హోల్డ్ లెక్కలో క్లాక్ పీరియడ్ అసలు రాదు. డేటా మరీ త్వరగా చేరిపోవడమే అక్కడ సమస్య, దానికి దారిలో ఆలస్యం పెంచాలి. ఆమె ఇది చెప్పగలిగింది. బట్టీ పట్టి కాదు, ఎలెక్టివ్ ల్యాబ్‌లో వేవ్‌ఫారమ్‌లు గీసి చూసింది కాబట్టి. మీ కాలేజీలో ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకపోయినా బాధపడకండి. వెరిలాగ్ కోడ్‌ను నడిపి చూసే ఐకారస్ వెరిలాగ్, వేవ్‌ఫారమ్‌లు చూపించే జీటీకేవేవ్ రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి.

మైనర్ విషయం. ఇంట్లో వాళ్ల భయం న్యాయమైనదే, చిప్ కంపెనీలు తీసుకునేది తక్కువ మందిని. అయితే మైనర్ అంటే 18 నుంచి 20 అదనపు క్రెడిట్లు, దాదాపు ఆరు సబ్జెక్టులు, చాలా చోట్ల సాయంత్రమో శనివారమో తరగతులు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఎక్కువ భాగం మైనర్ లేకుండానే ఈసీఈ వాళ్లను రాతపరీక్షకు అనుమతిస్తాయి. అక్కడ చూసేది కోడ్ రాయగలరా అన్నదే. సీ ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ రోజూ ఒక గంట సాధన చేయండి. అవి చిప్ కంపెనీల్లోనూ అడుగుతారు, కాబట్టి ఆ శ్రమ రెండు వైపులా పనికొస్తుంది. అమ్మానాన్నలకు ఇదే వివరించండి, వింటారు.

కాలేజీ ఆ ఎలెక్టివ్ ఇవ్వకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయంలో ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల వంటి సంస్థల అధ్యాపకులు చెప్పే) కోర్సు చేయవచ్చు. జులై సెషన్ మీ ఐదో సెమిస్టర్‌తో కలిసి వస్తుంది. 12 వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటుకు 25 శాతం, పరీక్షకు 75 శాతం. సర్టిఫికెట్ రావాలంటే 25కు కనీసం 10, 75కు కనీసం 30 రావాలి. చేరడం ఉచితం, పరీక్షకు మాత్రం విడిగా ఫీజు కట్టి దరఖాస్తు చేయాలి, దాని గడువు వేరు. అన్నిటికన్నా ముఖ్యం, చేరకముందే హెచ్‌ఓడీ (విభాగాధిపతి) చేత రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నాకు తెలిసిన ఒక అబ్బాయి చాలా మంచి మార్కులతో కోర్సు పూర్తి చేశాడు. సిలబస్ ఒక కోర్ సబ్జెక్టుతో కలుస్తోందని క్రెడిట్లు బదిలీ చేయలేదు. ఆ సెమిస్టర్‌లో తగ్గిన క్రెడిట్లను తర్వాత ఇంకో సబ్జెక్టు చదివి పూడ్చుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లవాడు పడ్డ బాధ నేను దగ్గరుండి చూశాను.

ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష గురించి ఒక్క మాట. మూడో సంవత్సరంలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. డిజిటల్ సర్క్యూట్లు, ఎలక్ట్రానిక్ డివైసెస్ ఎలాగూ గేట్ సిలబస్‌లో ఉన్నాయి కాబట్టి దానికోసం ఎలెక్టివ్ మార్చుకోనక్కర్లేదు.

మెంటార్‌ను కలిసేటప్పుడు ఊరికే వెళ్లి "ఏది తీసుకోమంటారు సార్" అని అడగకండి. మీ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం, జాబితాలోని ఎలెక్టివ్‌ల సిలబస్ కాపీలు, మార్కుల మెమో, మీరు కోరుకుంటున్న ఉద్యోగ ప్రకటనలు ఒకటి రెండు చేతిలో ఉంచుకోండి. ప్రకటనలో అడిగిన అంశం సిలబస్‌లో ఏ యూనిట్‌లో ఉందో గుర్తు పెట్టుకుని వెళ్లండి. అలా వచ్చిన విద్యార్థికి ఏ అధ్యాపకుడైనా అరగంట కేటాయిస్తాడు. ఈ సబ్జెక్టు ఎవరు చెబుతారు, ల్యాబ్ ఉంటుందా, మినీ ప్రాజెక్టు ఆయన దగ్గరే చేయవచ్చా, ఇవి తప్పకుండా అడగండి.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. ఎలెక్టివ్‌కు కనీస సంఖ్యలో విద్యార్థులు చేరకపోతే కాలేజీ దాన్ని ఎత్తివేసి, మిమ్మల్ని రెండో ఎంపికలోకి పంపుతుంది. కష్టమైన సబ్జెక్టులకే ఇది తరచూ జరుగుతుంది. కాబట్టి ఆసక్తి ఉన్న నలుగురైదుగురు స్నేహితులతో ఇప్పుడే మాట్లాడి కలిసి నమోదు చేసుకోండి, ఫారంలో రెండో గడిని ఏదో ఒకటి రాసి నింపకండి. మీ కాలేజీ ఇచ్చిన జాబితాను కింద రాస్తే, ఆ రెండో ఎంపికగా ఏది పెట్టాలో నేను చూసి చెబుతాను.