బాబు భయం ఆయనకూ తెలియాలి

మా బాబుకు ఆరేళ్లు. మావారు ఉద్యోగరీత్యా సోమవారం ఊరెళ్తే శుక్రవారం రాత్రికి గానీ రారు. శనివారం రాత్రి లైట్లు తీసేసి, బాబును పక్కన కూర్చోబెట్టుకుని దెయ్యాల కామెడీ సినిమాలు పెడతారు. ‘ఇవి ఇంటిల్లిపాదీ చూసేవే, మగపిల్లాడికి ఆ మాత్రం ధైర్యం ఉండాలి’ అంటారు. చూస్తున్నంతసేపూ బాబు నవ్వుతూనే ఉంటాడు. ఆదివారం రాత్రి నుంచి నాకు టెన్షన్. బాత్రూముకు తోడు రమ్మంటాడు. బీరువా తలుపు వేసి ఉందో లేదో చూసి రమ్మంటాడు. ఏడాది క్రితం మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. అత్తయ్య దిష్టి తీసి, గుళ్లో తాయెత్తు కట్టించారు. ‘భయపడ్డానని నాన్నకు చెప్పకమ్మా’ అని బాబు నాతో ఒట్టు వేయించుకున్నాడు. చెబితే ఆయన ఎగతాళి చేస్తారని నేనూ ఊరుకున్నాను. ఈ వయసుకు ఏ సినిమాలు చూపించవచ్చో జాబితా ఇస్తే మావారికి చూపిస్తాను.
– ఒక సోదరి, గుంటూరు

అమ్మా, మీ సమస్య జాబితాతో తీరేది కాదు. ఉత్తరమంతా చదివాక నా మనసులో నిలిచిపోయింది ఆ ఒట్టే. కొడుకు భయపడుతున్నాడని మీకు తెలుసు, అత్తగారికి తెలుసు, తాయెత్తు కట్టిన పూజారిగారికీ తెలుసు. తెలియనిది కన్నతండ్రికే. పిల్లాడు నవ్వుతున్నాడు కదా అనుకుని, ఆయన వచ్చే శనివారానికి ఇంకో సినిమా వెతుకుతుంటారు. తెలియని మనిషిని తప్పుపట్టి ఏం లాభం?

బాబు ఎందుకు దాస్తున్నాడో ఆలోచించారా? వారంలో ఎక్కువ రోజులు కంటికి కనబడని నాన్న, ఆ ఒక్క రాత్రి భుజానికి ఆనించుకుని కూర్చోబెట్టుకుంటున్నారు. భయమేస్తోందంటే అదీ పోతుందేమోనని వాడి బెంగ. అందుకే నవ్వుతున్నాడు. పసివాడు అలా దాచుకున్నాడంటే అర్థం చేసుకోగలను. మీరెందుకు దాచారన్నదే నా ప్రశ్న. ‘ఎగతాళి చేస్తారు’ అన్నారు. బాబునా, మిమ్మల్నా? మీ మాటను తేలిగ్గా కొట్టిపారేయడం ఈ సినిమాలతోనే మొదలైందని నేననుకోను. ఇంతకుముందు ఎన్ని విషయాల్లో ‘ఎందుకొచ్చిన గొడవ’ అని ఊరుకున్నారో మీకే తెలియాలి. మీ సొంత విషయాల్లో సర్దుకుపోతే అది మీ ఇష్టం. బిడ్డ విషయంలో మాత్రం ఆ హక్కు మీకు లేదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

ముందు బాబుతో మాట్లాడండి. వాడికి తెలియకుండా ఒట్టు తప్పితే మీ మీద నమ్మకం పోతుంది. ‘నాన్నకు చెబుతాను, నాన్న నిన్ను ఏమీ అనరు, శనివారాలు మీ ఇద్దరివే’ అని చెప్పండి. తర్వాత శనివారం పొద్దున్నే, బాబు లేవకముందు, అత్తగారు పక్కన లేనప్పుడు ఆయనతో కూర్చోండి. సినిమాల మీద ఫిర్యాదుతో మొదలుపెట్టకండి. రాత్రిళ్లు బీరువా తలుపు చూసి రావడం, దుప్పట్లు మార్చడం, ఒట్టు వేయించుకోవడం, అన్నీ జరిగింది జరిగినట్టు చెప్పండి. ఆయన నవ్వితే నవ్వనివ్వండి. నవ్వడం అయ్యాక మళ్లీ మొదటినుంచి చెప్పండి.

ఆయన చేయాల్సిందీ ఒకటుంది. చిన్నప్పుడు తను దేనికి భయపడేవారో కొడుక్కి చెప్పాలి. చీకట్లో దొడ్లోకి వెళ్లాలంటే ఆంజనేయ దండకం గబగబా చదువుకుంటూ పరుగెత్తిన వాళ్లు మన ఇళ్లల్లో కోకొల్లలు. నాన్నకూ భయం వేసేదని తెలిస్తే ఆ పిల్లాడి గుండె కుదుటపడుతుంది. ‘మగపిల్లాడివి’ అన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఇక వినబడకూడదు.

ఇక సినిమాలు. పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాల్సిన సినిమాలకు వేసే ముద్ర ‘యూఏ’. మన ఓటీటీల్లో 2021 నుంచి ఆ యూఏలోనే వయసును బట్టి 7+, 13+, 16+ అని విడిగా వేస్తున్నారు. మీ బాబుకు ఆ 7+ కూడా ఒక మెట్టు పైనే. దెయ్యాల కామెడీ అంటే పిల్లల సినిమా అని కాదు. పెద్దవాళ్లు ఉలిక్కిపడి, జోకు రాగానే నవ్వి మర్చిపోతారు. ఆరేళ్లవాడు జోకు మర్చిపోయి ఉలికిపాటును పక్క మీదికి తెచ్చుకుంటాడు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిగా వస్తే పిల్లలు పారిపోరు, ముందుకు జరుగుతారు. ఎంత పెద్ద రాక్షసుడైనా శశిరేఖా అభిమన్యుల పక్షాన నిలబడ్డాడు కాబట్టి. అలాంటివి చూపించమనండి. పగలు, లైట్లు వేసి, సౌండ్ తగ్గించి. భయం సగం ఆ చప్పుళ్లలోనే ఉంటుంది. రిమోట్ బాబు చేతిలో ఉండాలి, ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు ఆపేలా. మీరూ వంటింటి పని పక్కనపెట్టి వెళ్లి కూర్చోండి.

మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందంటే భయమే కారణమని తేల్చేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మలబద్ధకం ఉన్నా అలా జరుగుతుంది. ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి. తడిసిన దుప్పటి ఎవరూ చూడకుండా తీసేయండి, దాని గురించి అత్తగారితో గానీ ఫోనులో అమ్మతో గానీ వాడు వింటుండగా మాట్లాడకండి. తాయెత్తు ఉండనివ్వండి, పెద్దావిడ ప్రేమతో కట్టించారు, దాని మీద గొడవ పెట్టుకోకండి.

ఈ జవాబును ఆయన ఫోనుకు పంపి ‘చూశారా, ఏమంటున్నారో’ అనొద్దు. నా మాట చాటున నిలబడకుండా, మీరే చెప్పండి.