అల్లుడూ, ముందు టేపు కొను

రాజమండ్రి,
ఆదివారం రాత్రి.

అల్లుడూ,

నువ్వు పంపిన మారుతి జిప్సీ ఫొటోలు మీ అత్తకి చూపించాను. "ఇంత పాత బండికి అంత సంబరమా" అంది గానీ, ఫోను తిరిగి నా చేతికి రావడానికి చాలాసేపు పట్టింది. బండి బాగుంది. చాసీ కింద తుప్పు పెద్దగా కనపడలేదు, అదే సగం అదృష్టం. ఆ తర్వాత వచ్చిన మెసేజీయే నాకు నచ్చలేదు. బండిని ఎత్తు లేపే నాలుగంగుళాల లిఫ్టు, 31 అంగుళాల టైర్లు, అంతా తక్కువ ఖర్చులో తేల్చెయ్యమంటావు. ఫోన్లో చెబితే మధ్యలో "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటావు తప్ప వినవు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

లిఫ్టు అనగానే బండి మొత్తం పైకి లేస్తుందనుకుంటున్నావు. జిప్సీకి ముందూ వెనకా నిండు హౌసింగులు, అంటే ఇరుసుని కప్పే ఇనప గొట్టాలు. నాలుగు మూలలా కమాన్ కట్టలు, అంటే స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు పట్టీలు. లిఫ్టు వేస్తే చాసీ, బాడీ లేస్తాయి. హౌసింగు ఎక్కడిదక్కడే ఉంటుంది. రాయి తగిలేది ఆ హౌసింగు మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గడ్డకే, అంటే చక్రాల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల గుండుకే. పంచె ఎగ్గట్టినంత మాత్రాన కాళ్ళు పొడుగవుతాయా? ఆ గడ్డని నేల నుంచి లేపగలిగేది టైరొక్కటే, అది కూడా పెరిగిన ఎత్తులో సగమే. కంపెనీ టైరు 205/70 ఆర్15, అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిము 15 అంగుళాలు. నిలువు 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703 దాటుతుంది. అంటే డిఫరెన్షియల్ కింద నీకు దక్కేది 18 మిల్లీమీటర్లు. చిటికెన వేలు మందం కన్నా కొంచెం ఎక్కువ. నవ్వకు, బండ మీద ఆనుకుని ఆగిపోయే బండికీ దాటిపోయే బండికీ తేడా చాలాసార్లు అంతే ఉంటుంది.

కాబట్టి వరస తిరగెయ్యి. ముందు టైరు సైజు తేల్చుకో, ఆ టైరు రాసుకోకుండా తిరగడానికి ఎంత ఎత్తు కావాలో అంతే లేపు. నా మాట వింటే 215/75 దగ్గర ఆగు. బొలెరోకి వచ్చే సైజు అది. రంపచోడవరంలో టైరు చీరినా, భద్రాచలం దారిలో చీరినా, ఊరి టైర్ల కొట్టులో దొరుకుతుంది. నీ రిముల మీదే కూర్చుంటుంది. 235/75కి వెళ్ళావంటే నిలువు 733 అవుతుంది, అడుగున 33 మిల్లీమీటర్లు వస్తాయి, నిజమే. కానీ కంపెనీ రిము సన్నం. దాని మీద 235 ఎక్కిస్తే టైరు పొట్ట ఉబ్బినట్టుంటుంది. రిములు మార్చాలి, ముందు మడ్‌గార్డులు కొయ్యాలి, బేరింగుల మీద బరువు పెరుగుతుంది. ఇక నీ 31 సంగతి. ఇంజన్ 1.3 లీటర్లు, 80 గుర్రాలు. ఆ టైరుతో మారేడుమిల్లి ఘాటు రెండో గేరులో ఎక్కే బండి మొదటి గేరు అడుగుతుంది. గేరు పళ్ళు మార్పించడానికి అయ్యే డబ్బు నీ లిఫ్టు కిట్టుని మించిపోతుంది.

పెద్ద టైరుకి ఇంకో గమ్మత్తుంది. 215/75 వేశాక మీటరు 80 చూపిస్తే నువ్వు పోతున్నది 84. కిలోమీటర్లు కూడా తక్కువ తిరిగినట్టు చూపిస్తుంది, అందుకని మైలేజీ పడిపోయిందని మెకానిక్‌తో గొడవ పెట్టుకోకు. బ్రేకు కూడా కాస్త ముందే తొక్కడం అలవాటు చేసుకో. చక్రం పెద్దదయ్యే కొద్దీ దాన్ని ఆపడానికి బ్రేకు ఎక్కువ కష్టపడాలి.

కొనేటప్పుడు ఐదు కొను, నాలుగు కాదు. స్టెప్నీ పాతది ఉంచుకుంటానంటావేమో, నాకు తెలుసు నీ లెక్క. జిప్సీకి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్యన డిఫరెన్షియల్ లేదు. ఫోర్‌వీల్ వేసినప్పుడు రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. ఒక చక్రం చిన్నదైతే బురదలో జారి సర్దుకుంటుంది గానీ, గట్టి నేల మీద గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వెయ్యొద్దని పాత డ్రైవర్లు మొత్తుకునేది కూడా ఇందుకే.

టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి, చూడు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. కొట్టువాడు "కొత్త స్టాకే సార్" అంటూనే ఉంటాడు, నువ్వు వంగి చదువు. టైరు పళ్ళ విషయానికొస్తే, రోడ్డుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చే ఆల్ టెరైన్ చాలు. బురద కోసం చేసిన మడ్ టెరైన్ ఫొటోలో మగధీరుడిలా ఉంటుంది గానీ హైదరాబాద్ నుంచి ఇక్కడికొచ్చేసరికి ఆ రొదకి చెవులు దిబ్బెళ్ళు పడతాయి. వాన పడిన తారు మీద పట్టు కూడా తక్కువ. నువ్వు నెలకోసారి అడవికి, మిగతా రోజులు ఆఫీసుకి పోయేవాడివి.

ఇప్పుడు లిఫ్టు. ఇక్కడే నీ డబ్బు మిగలొచ్చు. నీ బండి 2012 మోడల్. ఇన్నేళ్ళలో కమాన్లు కుంగకుండా ఉండవు. బండిని చదును నేల మీద ఆపి, టైర్లలో గాలి సరి చేసి, చక్రం నడిబొడ్డు నుంచి నిలువుగా మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టు. నాలుగు మూలలూ కొలిచి రాసుకో. డ్రైవర్ వైపు తక్కువ వస్తుందని ఇప్పుడే పందెం కాస్తాను. తర్వాత పక్కకి వంగి కమాన్ కట్ట చూడు. విల్లులా వంపు ఉండాలి. బల్లచెక్కలా చదునుగా పడుకుని ఉంటే దాని పని అయిపోయినట్టే. అప్పుడు నీకు కావలసింది లిఫ్టు కాదు, పోయిన ఎత్తు. కొత్త కట్టలు, వాటి చివరల్లో ఉండే రబ్బరు బుష్షులు కొత్తవి వేస్తే చాలావరకు తిరిగొస్తుంది. వేసే కట్టలే ఒకటిన్నర, రెండంగుళాలు వంపు ఎక్కువున్నవి తీసుకుంటే 215/75కి అది ధారాళం. ఉన్న కట్టలో ఇంకో పట్టీ దూర్చడం ఇంకా చవక. కానీ బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎడ్లబండిలా ఎగరేస్తుంది, మీ అమ్మని ఎక్కించుకుని రాకు.

ఒక్కటి మాత్రం చెయ్యకు: పొడుగు షాకిళ్ళు, అంటే కమాన్ కట్ట చివరని చాసీకి వేలాడదీసే పట్టీలు. అన్నిటికన్నా చవక కాబట్టి మొదట నీకు అదే అంటగడతారు. నేనూ పడ్డాను. షెడ్డు పెట్టిన కొత్తలో నా సొంత జిప్సీకి లారీ పట్టీ ముక్కలు కోయించి, బెజ్జాలు వేయించి, మధ్యాహ్నం భోజనంలోపు బిగించేశాను. బండి లేచింది, నేనూ మీసం మెలేశాను. మర్నాడు హైవే మీద డెబ్బైలో పోతుంటే పక్క నుంచి లారీ దాటింది. ఆ గాలికి స్టీరింగు నా చేతిలో ఉందో లేదో తెలియలేదు, బండి తన ఇష్టానికి ఆ పక్కకీ ఈ పక్కకీ తూలింది. కారణం తర్వాత బుర్రకెక్కింది. ముందు షాకిలు కట్టకి ముందు చివరన ఉంటుంది. అది పొడుగైతే కట్ట ముందు భాగం కిందికి దిగి, హౌసింగు ముందుకి తిరుగుతుంది. చక్రం నిటారుగా తనంతట తను నిలబడే గుణం, క్యాస్టర్ అంటారు, అది తగ్గిపోతుంది. పైగా షాకిలు రెండంగుళాలు పెంచితే బండి లేచేది ఒక అంగుళమే. అంగుళం కోసం అంత ప్రాణగండం.

కట్టల్ని హౌసింగు పైకి ఎక్కించి ఐదంగుళాలు లేపే పని కూడా ఉంది. వెల్డింగు, జాయింటు కోణాలు, స్టీరింగు రాడ్డు, అన్నీ మళ్ళీ కుదర్చాలి. నీకొద్దు.

ఎత్తు పెరిగాక షాకబ్జర్లు పొట్టివైతే అవే కమాన్ని దిగనివ్వకుండా పట్టేస్తాయి, కాబట్టి వాటి లెక్క కూడా వేసుకో. కట్టని హౌసింగుకి బిగించే యు బోల్టులు కొత్తవే వెయ్యమను, ఒకసారి సాగిన బోల్టు రెండోసారి నమ్మకంగా పట్టదు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించుకో. బ్రేకు పైపు చూడకుండా షెడ్డు దాటకు. చూడ్డం ఎలాగంటే, ముందు చక్రం ఒకటి మట్టి దిబ్బ ఎక్కించు, రెండోది వేలాడాలి. ఎవరినైనా స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పమని, నువ్వు పక్కన కూర్చుని చూడు. రబ్బరు పైపు తీగలా బిగుసుకుందా, టైరు ఎక్కడైనా రాసుకుందా, అన్నీ అక్కడే బయటపడతాయి. సుద్దముక్క దగ్గర పెట్టుకో, రాసిన చోట గీత పెట్టొచ్చు. రాత్రి గోడ ముందు నిలబెట్టి హెడ్‌లైట్లు దించుకో, లేకపోతే ఎదుటివాళ్ళు నిన్ను తిట్టని తిట్టుండదు.

కాగితాల మాట కూడా చెవిన వేసుకో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట చూసేది నీ టైర్లనే. తెలియదనకుండా చెబుతున్నాను. పనికి ముందే ఆర్టీఓ ఆఫీసులో ఒకమాట అడుగు.

ఇంకోటి, గుడిస కొండకి జనాన్ని ఎక్కించే జీపులు చూశావుగా. వాటికి ఏ కిట్టూ లేదు, డ్రైవరుకి ఏ రాయి మీద ఏ చక్రం పెట్టాలో తెలుసు. నువ్వు ఇసుకలోనో బురదలోనో దిగినప్పుడు టైర్లలో గాలి పద్దెనిమిది పీఎస్ఐకి దించి చూడు, టైరు పరుచుకుని నేలని ఎలా పట్టుకుంటుందో. తారెక్కగానే మళ్ళీ నింపాలి, అందుకని పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఒకటి కొనుక్కో. నేనైతే లిఫ్టు కన్నా ముందు అదే కొంటాను.

టేపు పెట్టి నాలుగు మూలల కొలతలు వాట్సాప్‌లో పెట్టు. అవి చూసేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు. వచ్చే వారం వస్తానన్నావుగా, జాకీ తెచ్చుకో, నాది ఆయిల్ కారుతోంది. పులస దొరికితే చూస్తానంది మీ అత్త, ధర విన్నాక మాట మారుస్తుందేమో.

మీ మామయ్య