సైటు వచ్చింది, మెయిల్ ఆగింది

ప్రశ్న: మాది ఏటికొప్పాకలో లక్కబొమ్మల తయారీ. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయి స్నేహితుడు డాట్ కామ్ పేరు ఒకటి కొని, వెబ్‌సైటు చేసి, ఆర్డర్ల కోసం అదే పేరు మీద మెయిల్ కూడా పెట్టి ఇచ్చాడు. గత వారం సైటును కొత్త వాళ్లకు అప్పగించాం. వారు నేమ్ సర్వర్లు మార్చాలన్నారు, ఆ అబ్బాయితో చెప్పి మార్పించాం. సైటు బాగానే వస్తోంది గాని, అప్పటి నుంచి మెయిల్ ఒక్కటీ రావడం లేదు. పంపినవారికే తిరిగి వెళ్తున్నాయట. పాత, కొత్త రికార్డుల ఫొటోలు పంపుతున్నాను. తప్పు ఎవరిది?
– ఒక పాఠకుడు, అనకాపల్లి జిల్లా

జవాబు: తప్పు కొత్త వారిదే గాని, తెలియక చేసినదిగా కనిపిస్తోంది. మీ డాట్ కామ్ పేరుకు (డొమైన్‌కు) సంబంధించి సైటు ఏ సర్వర్‌లో ఉంది, మెయిల్ ఎవరికి అందించాలి వంటి వివరాలన్నీ ఒక చిట్టాలో ఉంటాయి. ఆ చిట్టా ఎవరి దగ్గర ఉందో చెప్పేవి నేమ్ సర్వర్లు. వాటిని మార్చడమంటే సైటు చిరునామా ఒక్కటే మార్చడం కాదు, పాత చిట్టాను మొత్తంగా పక్కన పెట్టి, ఇకపై కొత్త చిట్టానే చూడమని లోకానికి చెప్పడం. మీ ఫొటోల్లో పాత చిట్టాకు ఏడు వరుసలు ఉన్నాయి: సైటుకు రెండు, మెయిల్ దారి చెప్పే ఎంఎక్స్ రికార్డులు రెండు, మెయిల్ మీ పేరు మీద నిజంగా మీరే పంపారని రుజువు చేసే టెక్స్ట్ రికార్డులు మూడు. కొత్త చిట్టాలో సైటు వరుసలు రెండే ఉన్నాయి. ఎంఎక్స్ లేనప్పుడు మెయిల్ సర్వర్లు నియమం ప్రకారం సైటు ఉన్న సర్వర్‌కే ఉత్తరం ఇవ్వబోతాయి. అక్కడ మెయిల్ తీసుకునే ఏర్పాటు లేదు కనుక అది తిప్పి పంపేస్తోంది.

ఇప్పుడు నేమ్ సర్వర్లను వెనక్కి మార్చకండి. డాట్ కామ్ పేర్లకు నేమ్ సర్వర్ల వివరాన్ని 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజుల వరకు గుర్తుపెట్టుకోవచ్చని ఆ పేర్ల మూల జాబితాను నడిపే రిజిస్ట్రీయే చెబుతుంది కాబట్టి, వెనక్కి మారిస్తే కొందరికి పాత సైటు, కొందరికి కొత్త సైటు కనిపించే గందరగోళం మళ్లీ మొదలవుతుంది. దానికి బదులు పాత చిట్టాలోని ఆ ఐదు వరుసలను అక్షరం పొల్లు పోకుండా కొత్త చిట్టాలో చేర్పించండి. వాటిలో, మీ పేరు మీద మెయిల్ పంపగల సర్వర్లు ఏవో చెప్పే ఎస్‌పీఎఫ్ అనే టెక్స్ట్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే రెండూ చెల్లవు. ‘ఎంఎక్స్ లేదు’ అన్న జవాబును కూడా సర్వర్లు కాసేపు గుర్తుపెట్టుకుంటాయి కనుక, చేర్చిన వెంటనే మెయిల్ రాకపోయినా కొన్ని గంటలు ఆగండి. ఇప్పటికే తిరిగి వెళ్లిన ఆర్డర్లు మాత్రం మీ పెట్టెలోకి రావు. పాత కొనుగోలుదారులకు ఫోన్ చేసి మళ్లీ పంపమనడమే దారి.

అసలు నేమ్ సర్వర్ల జోలికి పోకుండా, పాత చిట్టాలోనే సైటు సర్వర్ చిరునామా చెప్పే ఎ రికార్డును మార్చి ఉంటే సరిపోయేది. దాని టీటీఎల్‌ను, అంటే ఇతర సర్వర్లు దాన్ని గుర్తుపెట్టుకునే గడువును, ముందురోజే 300 సెకన్లకు తగ్గించి ఉంటే, మార్పు ఐదారు నిమిషాల్లో దాదాపు అందరికీ అందేది.

మీ ఉత్తరంలో నన్ను ఇంతకంటే కలవరపెట్టిన మాట ‘మార్పించాం’ అన్నది. పేరు కొన్న ఖాతా, పాస్‌వర్డు ఇంకా ఆ అబ్బాయి దగ్గరే ఉన్నాయన్నమాట. డబ్బు మీరు ఇచ్చినా, పేర్లు అమ్మే సంస్థ అయిన రిజిస్ట్రార్ దగ్గర రిజిస్ట్రంట్‌గా (నమోదుదారుగా) ఎవరి పేరు ఉందో వారినే హక్కుదారుగా చూస్తారు. సంబంధాలు బాగున్నప్పుడే అడిగి, అదే రిజిస్ట్రార్ దగ్గర మీ పేరున ఖాతా తెరిచి, డొమైన్‌ను అందులోకి మార్పించుకోండి. వేరే రిజిస్ట్రార్‌కు వెళ్లాలంటే రహస్య సంకేతం ఒకటి కావాలి. హక్కుదారు కోరిన ఐదు రోజుల్లోగా దాన్ని అందించాలని ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే సంస్థ ఐకాన్ నిబంధన.

గడువు తేదీ కూడా చూడండి. గడువుకు దాదాపు నెల ముందు, మళ్లీ వారం ముందు రిజిస్ట్రార్ హెచ్చరిక మెయిళ్లు పంపాలి. ఇప్పుడు అవి ఎవరి పెట్టెలో పడుతున్నాయో మీకు తెలియదు. గడువు దాటి, పేరు రద్దు దశకు చేరితే, తిరిగి తెచ్చుకోవడానికి 30 రోజుల అవకాశం ఉంటుంది గాని, రెన్యువల్ రుసుముతో పాటు అదనపు రుసుము భారీగా కట్టాల్సి రావచ్చు. ఆ తరువాత ఐదు రోజులకు పేరు విడుదలై, ఎవరైనా కొనుక్కోవచ్చు.

కొత్త ఖాతాకు మెయిల్ చిరునామా ఇచ్చేటప్పుడు మీ బొమ్మల డొమైన్ మీది మెయిల్ ఇవ్వకండి. పేరు ఆగిన రోజున ఆ మెయిలూ ఆగుతుంది, పాస్‌వర్డు మార్చుకునే లింకు కూడా మీకు చేరదు. రోజూ ఫోన్‌లో చూసే జీమెయిల్ ఇవ్వండి.