అన్నం తగ్గించి క్యారియర్‌లో ఏం కట్టుకోవచ్చు? తిరుపతి నుంచి నా జవాబు

మీరు అడిగింది ఇదీ: డాక్టరు అన్నం తగ్గించమన్నారు, పొద్దున ఏడున్నరకి కంపెనీ బస్సు, పొయ్యి దగ్గర ఇరవై నిమిషాలకి మించి నిలబడే తీరిక లేదు, సలాడ్లు మాత్రం చెప్పొద్దు. చెప్పను లెండి. మన తిరుపతి ఎండకి, ఉప్పు చల్లి డబ్బాలో మూసిన కీరదోస ముక్కలు ఒంటిగంటకల్లా నీళ్ళలో తేలుతుంటాయి. నాదీ రేణిగుంట రోడ్డు వైపు ఆఫీసే. షుగర్ అంచున ఉందని తేలినప్పటి నుంచి నేను కట్టుకుంటున్నవే రాస్తున్నాను.

ముందు ఒక మాట. అన్నం తగ్గించమనగానే మనవాళ్ళు రాగి సంగటి మీదికో కొర్రల మీదికో దూకుతారు. మా సెక్షన్‌లో సగంమంది అదే పని. రాగిపిండి 100 గ్రాముల్లో 70 గ్రాముల దాకా కార్బ్సే, అంటే ఒంట్లో చక్కెరగా మారే పిండిపదార్థమే, బియ్యంలో 78. కొర్రలు 60 పైనే. పైగా మన వైపు సంగటిలో బియ్యం కూడా పడుతుంది కదా. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, పీచూ ఉంటుంది, శుభ్రంగా తినండి. కానీ బియ్యం కొలిచే గ్లాసుతోనే రాగిపిండీ కొలిచి వండుకుంటే మీ డాక్టరు చెప్పింది జరిగినట్టు కాదు.

నేను చేసింది వేరు. క్యారియర్ గిన్నెలు తారుమారు చేశాను. పెద్ద గిన్నెలో కూర, చిన్న గిన్నెలో అన్నం. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 28 గ్రాముల కార్బ్స్. మామూలుగా మనం కుక్కి పెట్టుకునే పెద్ద గిన్నెలో 300 గ్రాములు ఇట్టే పడుతుంది, అంటే 80 దాటినట్టే. చిన్న గిన్నెతో అది మూడో వంతుకి వస్తుంది. అన్నం పూర్తిగా మానేసినవాళ్ళు సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్‌లో బజ్జీల ముందు కనబడతారు, అందుకే ఆ చిన్న గిన్నె ఉండనివ్వమంటాను.

షుగర్‌కి గ్లైమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే, అన్నం తగ్గించే ముందు ఎంత తగ్గిస్తున్నారో డాక్టరుకి చెప్పండి. మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోతుంది. బస్సులో కళ్ళు తిరిగితే కష్టం.

ఇక పెద్ద గిన్నెలోకి. నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది గుగ్గిళ్ళు. దేవుడి నైవేద్యానికి మాత్రమే వాటిని గుర్తు చేసుకుంటాం గానీ, ఆఫీసు భోజనానికి అంత తేలికైనది ఇంకోటి లేదు. నల్లశెనగలైనా ఉలవలైనా పొద్దున బయల్దేరేటప్పుడు నానబోయండి, రాత్రి కుక్కర్‌లో ఉడికించి నీళ్ళు వంచి ఫ్రిజ్‌లో పెట్టండి. అలసందలకి అంత నానబెట్టనక్కర్లేదు, సాయంత్రం ఇంటికి రాగానే పోసినా రాత్రికి ఉడుకుతాయి. తెల్లారి ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు, దంచిన తెల్లగడ్డతో తాలింపు, అయిదు నిమిషాలు. అందులోనే సన్నగా తరిగిన బీన్స్ కానీ క్యాబేజీ కానీ గుప్పెడు వేసి మగ్గిస్తే గిన్నె నిండుతుంది. పచ్చి ఎర్రగడ్డ కలిపి మూయకండి, మూత తీయగానే పక్కసీటు వాళ్ళు లేచిపోతారు. నిమ్మకాయ చెక్క విడిగా పెట్టుకుని తినేముందు పిండుకోండి. గుగ్గిళ్ళలో కార్బ్స్ లేవని కాదు, ఉడికిన శెనగలు 100 గ్రాములకి 27 దాకా ఉంటాయి. అందులో ఏడెనిమిది గ్రాములు పీచే, మాంసకృత్తులు ఇంకో తొమ్మిది. అన్నంతో కడుపు నిండినట్టు కాదు, నాలుగింటిదాకా ఆకలి తెలీదు. గుగ్గిళ్ళు తెచ్చుకున్న రోజు చిన్న గిన్నెలో అన్నం బదులు పెరుగు పెట్టుకుంటే లెక్క సరిపోతుంది.

తర్వాతది పెసరట్టు. పిండిలో బియ్యం వేయకూడదు, అంతే షరతు. రెండు రోజులకి సరిపడా రుబ్బి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. చల్లారితే అట్టు బిరుసెక్కుతుందని భయపడతారు. పిండిలో కాస్త సొరకాయ తురుము కలిపి, మరీ పల్చగా కాకుండా పోస్తే మధ్యాహ్నానికి కూడా మెత్తగానే ఉంటుంది. లోపల కూర పెట్టి చుట్టేస్తే స్పూను కూడా అక్కర్లేదు. కొబ్బరి చట్నీ జోలికి పోవద్దు, మేనెలలో అది బస్సు దిగేలోపే పులుస్తుంది. శెనక్కాయల పొడి చాలు, మన జిల్లాలో దానికి కరువా!

గుడ్డు తినేవాళ్ళయితే సగం సమస్య తీరినట్టే. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులు, కార్బ్స్ గ్రాము కూడా ఉండవు. మూడు గుడ్లు, గుప్పెడు మునగాకు, ఒక ఎర్రగడ్డ, మిరియాలపొడి, పది నిమిషాల్లో పొరటు అయిపోతుంది. ఉడకబెట్టి తీసుకెళ్తే పెంకుతోనే పెట్టుకోండి, అక్కడ ఒలుచుకోవచ్చు. ఒకవేళ మీ డ్యూటీ కొండమీదైతే గుడ్డు, మాంసం ఊసెత్తకండి, తిరుమలకి అవి తీసుకెళ్ళకూడదు. అప్పుడు పనీరో మీల్‌మేకరో. మీల్‌మేకర్‌ని వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండకపోతే మాత్రం తిన్నంతసేపూ దూదే.

ఆదివారం చికెన్ మిగిలిందా, సోమవారం క్యారియర్ గురించి ఆలోచించే పనే లేదు. ముందే ఫ్రిజ్‌లో పెట్టుంటే పొద్దున నీరు లేకుండా పొడిగా వేయించి తీసుకెళ్ళండి. పులుసు వద్దు, పులుసు ఉంటే చెయ్యి అన్నం వెతుక్కుంటుంది.

సంక్రాంతికి ముందూ వెనకా అయితే అనపకాయల కాలం. నానిన అనపగింజల తొక్క పితికి తీసి చేసే పితికిపప్పు ఇరవై నిమిషాల వంటలోకి రాదని తెలుసు. అయినా పొద్దున నానబెట్టి, రాత్రి టీవీ ముందు కూర్చుని ఇంట్లో నలుగురూ తలా కాస్త పితికితే పొద్దునకి కూర సిద్ధం. మాయత్త అయితే ఆ పని ఎవర్నీ ముట్టుకోనివ్వదు, మేం పితికితే పప్పు బద్దలవుతుందట.

వండడం అసలు కుదరని రోజు కర్రీ పాయింట్ ఉండనే ఉంది. వాళ్ళ దగ్గర పొద్దున కూరలు తయారుగా ఉండవు కాబట్టి ముందురోజు సాయంత్రమే తాలింపు కూర ఒకటి, ఆకుకూర పప్పు ఒకటి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున పొగలు కక్కేలా వేడిచేసి, చల్లారాక మూతపెట్టండి. ఉర్లగడ్డ ఏపుడు ఎంత నోరూరించినా వదిలేయండి, అది కూర వేషంలో ఉన్న అన్నం. కాలీఫ్లవర్‌ని తురిమి అన్నంలా చేసుకోమని సలహాలు కనిపిస్తుంటాయి. ఇంట్లో వేడిగా తింటే బాగానే ఉంటుంది, అయిదు గంటలు డబ్బాలో మూసి ఉంచాక ఆ వాసన భరించలేం.

మీరడగకపోయినా ఇంకోటి: లడ్డూ. ఈ ఊళ్ళో వారానికొకరైనా ఆఫీసుకి ప్రసాదం తెస్తారు, కాదనలేం. చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే ప్రసాదం తీసుకున్నట్టే, మిగతాది పక్కవాళ్ళకి పంచండి.

పెరుగు విషయం చెప్పి ఆపేస్తాను. పుల్లబడుతోందని పెరుగు మానేయకండి. పొద్దున గోరువెచ్చని పాలలో అర చెంచా పెరుగు కలిపి స్టీలు డబ్బాలో పోసుకుని తీసుకెళ్ళండి, ఎండాకాలమైతే భోజనం వేళకి కమ్మగా తోడుకుని ఉంటుంది. చలికాలం ఈ ఎత్తు పారదు, అప్పుడు తోడుకున్న పెరుగే తీసుకెళ్ళాలి. మూత గట్టిగా పట్టే డబ్బా చూసుకోండి, బస్సులో బ్యాగు ఒళ్ళో నిలువుగా పెట్టుకోండి.