కామాల ప్రశ్న దగ్గర ఆగిన అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి అమీర్‌పేటలో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ నేర్చుకుంటోంది. మొన్న ఇంటర్వ్యూలో ఒకే గడిలో కామాలతో ఉన్న విలువలను విడివిడి వరుసలుగా మార్చమన్నారట. చేయలేకపోయింది. ఇది మానిపించి, లక్షన్నర కట్టి డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏ డేటాబేస్ మంచిదో కూడా పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది డేటాబేస్ గురించే అయినా, మీ భయం అమ్మాయి వెనకబడిపోయిందేమోనని. వెనకబడలేదు. మైఎస్‌క్యూఎల్‌లో కామాల జాబితాను నేరుగా వరుసలుగా విడగొట్టే సిద్ధమైన ఫంక్షన్ లేదు. జాబితాను ముక్కముక్కగా కోసే సబ్‌స్ట్రింగ్ ఇండెక్స్ ఫంక్షన్‌తో కుస్తీ పట్టాలి, లేదా 8.0 వెర్షన్ నుంచి ఉన్న, జాబితాను టేబుల్‌గా మార్చే జేసన్ టేబుల్‌ను ఆశ్రయించాలి. కొత్తవాళ్లు అక్కడ తడబడటం మామూలే.

అదే మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే 2016 వెర్షన్ నుంచి ఇదే పనికి స్ట్రింగ్ స్ప్లిట్ అనే ఫంక్షన్ ఉంది. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో జాబితాను ముక్కలు చేసే స్ట్రింగ్ టు అర్రే, ఆపైన వాటిని వరుసలుగా పరిచే అన్‌నెస్ట్ రాస్తే సరి. మీరడిగిన పోలికలో ఫ్రెషర్‌కు పనికొచ్చేది ఇంతే. ఒకటి గట్టిగా వస్తే రెండోది త్వరగానే పట్టుబడుతుంది.

ఇంటర్వ్యూ చేసేవారు చూసేది ఫంక్షన్ పేరు ఒక్కటే కాదు. ఒక ఉద్యోగి గడిలో నైపుణ్యాల కోడ్‌లు '10,12' అని ఉన్నాయనుకోండి. అక్షరాల్లో ఎక్కడున్నా పట్టుకునే లైక్‌తో 1 కోసం వెతికితే ఆ కోడ్ లేని ఈ ఉద్యోగి కూడా వచ్చేస్తాడు. మైఎస్‌క్యూఎల్‌లోని ఫైండ్ ఇన్ సెట్ ఫంక్షన్ పూర్తి విలువనే పోలుస్తుంది కాబట్టి ఆ తప్పు చేయదు. కానీ కామా తర్వాత ఎవరో ఒక ఖాళీ వదిలి '10, 12' అని రాశారా, 12 కోసం వెతికితే సున్నా ఇస్తుంది, అంటే దొరకలేదని! వరుసలను తిరిగి ఒకే గడిలోకి చేర్చే గ్రూప్ కాన్‌క్యాట్‌కు మామూలుగా 1024 బైట్ల హద్దు ఉంటుంది. అది దాటితే మిగతాది కోసేసి ఒక హెచ్చరికతో సరిపెడుతుంది. ఆ హెచ్చరిక చూడనివారు సగం జాబితాతో నివేదిక పంపేస్తారు.

ఇవన్నీ చెప్పాక, 'అసలు వీటిని ఒకే గడిలో ఎందుకు పెట్టారు, వేరే టేబుల్‌లో కోడ్‌కో వరుస చొప్పున ఉండాలి కదా' అని మీ అమ్మాయి ఎదురడిగితే ఆ జవాబు విలువే వేరు. ఒక గడిలో ఒకే విలువ అన్నది కాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1970లో ఈ డేటాబేస్‌లకు పునాది అయిన రిలేషనల్ నమూనాను (డేటాను టేబుళ్లుగా పెట్టే పద్ధతిని) ప్రతిపాదించిన నాటి నుంచీ ఉన్న సూత్రమే.

ఇక డేటా సైన్స్. ఆ రంగం మీద నాకు కోపం లేదు, ఆ కోర్సుల బోర్డుల మీదే అనుమానం. గణాంక శాస్త్రంలో పట్టు లేకుండా కొన్ని నెలల్లో అల్గారిథమ్‌ల పేర్లు వల్లె వేయించి సర్టిఫికెట్ చేతిలో పెడితే, దాన్ని చూసి ఫ్రెషర్‌కు మోడల్ తయారుచేసే పని ఎవరు అప్పగిస్తారు? పైగా అక్కడికి వెళ్లినా డేటా చాలాసార్లు విలువలను కామాలతో వేరుచేసే సీఎస్‌వీ ఫైలుగానే వస్తుంది. 'ఖమ్మం, తెలంగాణ' అనే చిరునామాలోని కామా దగ్గర ఒక గడి రెండుగా చీలిపోతే, సరిచేసే పని మళ్లీ ఈ అమ్మాయిదే. కామాల నుంచి పారిపోవడానికి లక్షన్నర ఎందుకండీ?

ఇంకో మాట, కటువుగా ఉన్నా వినండి. ఉత్తరం నిండా 'మానిపించి', 'చేర్పిద్దాం' అంటున్నారు. అమ్మాయి ఏమనుకుంటోందో ఎక్కడా రాయలేదు. ఒక్క ఇంటర్వ్యూ పోతే దారి మార్చేస్తారా? తర్వాతి ఇంటర్వ్యూలో ఆమె జవాబు గురించి ఆలోచిస్తుందా, నాన్నకు ఏం చెప్పాలా అని బెంగపడుతుందా?

కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. పోస్ట్‌గ్రెస్ ఉచితం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ డెవలపర్ ఎడిషన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. రెండూ ఇంట్లో కంప్యూటర్‌లో వేయించి, మొన్నటి ప్రశ్ననే రెండింటిలోనూ రాయమనండి. ఖాళీ గడి, రెండు కామాలు పక్కపక్కన, చివర్లో మిగిలిపోయిన కామా, ఈ మూడూ పెట్టి పరీక్షించమనండి. ఇంటర్వ్యూలకు వెళ్లడం మాత్రం ఆపొద్దు. గణాంకాల మీద ఆమెకే ఇష్టం ఉంటే, ఉద్యోగంలో చేరాక డేటా సైన్స్ సంగతి తనే తేల్చుకుంటుంది.